పల్లెనాటి సీమా, పల్లనాటి సీమా?

నోట్‌బుక్_బాటసారి: ఎక్కడికెళ్లినా ఆ ఊరి మీద ఉన్న పద్యమో పాటముక్కో అక్కడే కూర్చుని చేత్తో రాసుకోవడం నా అలవాటండి, ఫొటోలైతే మళ్లీ తీసి చూసిన పాపాన పోను, రాసుకున్న ఊరు మాత్రం మనసులో ఉండిపోతుంది. మొన్న కారంపూడిలో నాగులేటి ఒడ్డున కూర్చుని పల్నాడు మీద శ్రీనాథుడి చాటువు, అదే నోటినోటా తిరిగే విడి పద్యం, మొదలుపెట్టా. "చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు, నాగులేటి నీళ్లు నాపరాళ్లు" దాకా గడగడా వచ్చేసింది. "జొన్న సజ్జ కూళ్లు సర్పంబులును తేళ్లు" దగ్గర ఏదో తేడా కొట్టింది. చివర్లో పల్లెనాటి సీమా, పల్లనాటి సీమా? మా నాన్న ల్లె అనేవారు, తెలుగు మాస్టారు ల్ల అనేవారు.

యతి_పిచ్చోడు: సజ్జే ముందు. "సజ్జ జొన్న కూళ్లు సర్పంబులును తేళ్లు". యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడీ అక్షరం, స-కి స. జొన్న ముందొస్తే హల్లు సరిపోయినా అచ్చు కుదరదు, శ్రీనాథుడికి అంత కక్కుర్తి ఏం పట్టింది.

నాపరాయి: మాది మాచర్ల పక్కనే. మా ఇళ్లల్లో ఎప్పుడూ జొన్నే ముందు, అందుకే నోట్లో తిరగబడుతుంది లెండి.

నోట్‌బుక్_బాటసారి: సజ్జ సరే, ల్లె సంగతి?

యతి_పిచ్చోడు: పల్లె అన్నా పల్ల అన్నా గలమే (గురువు, లఘువు), యతి ప-కి ప. ఇక్కడ ఛందస్సు చేతులెత్తేసింది.

శాసనాల_తాత: పల్లవనాడు, పల్లనాడు, పల్నాడు. ఇందులో చర్చకేముంది, ల్ల.

నాపరాయి: తాతగారూ, మీ పల్లవులు ప్రతి పోస్టులోకీ దండెత్తి వస్తారు. పాలరాతి వల్ల పాలనాడు అనేవాళ్లూ ఉన్నారుగా, వాళ్లనేం చేస్తారు? అసలు "పల్లెనాటి సీమ పల్లెటూళ్లు" అనడంలోనే ఉంది దెప్పు, సీమ పేరులోనే పల్లె ఉంది ఇక ఊళ్ల సంగతి చెప్పాలా అని. ల్ల పెడితే అది చప్పబడిపోతుంది.

శాసనాల_తాత: రుచిగా ఉందని పాఠం ఖాయం చేస్తామా అబ్బాయ్. నోటిమీద బతికిన పద్యం, ఆ ల్లె తర్వాత ఎవరో చమత్కారానికి దూర్చి ఉండొచ్చు. అసలిది శ్రీనాథుడిదేననడానికీ జనం మాటేగా ఆధారం.

కొండవీటి_కోడలు: నా గొడవ వేరండి. అందరూ రాళ్లు వేరు, చిల్లర దేవుళ్లు వేరు అని లెక్కపెడతారు, నాకు ఆ రెండూ ఒకటే అనిపిస్తుంది, ఊరి మొదట్లో పసుపు రాసి నిలబెట్టిన రాయేగా దేవుడు. కారంపూడిలో కార్తీక అమావాస్యకి వీరుల తిరునాళ్ల చూసినవాళ్లకి ఆ "చిల్లర" అంత తేలిగ్గా మింగుడుపడదు. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా వెలిగినాయనకి ఇక్కడ నీళ్లు దొరక్క "గంగ విడుము పార్వతి చాలున్" అని శివుణ్ణే నిలదీశాడంటారు. "రసికుడు పోవడు పల్నాడు" అన్నదీ ఈయనేనట. మళ్లీ పల్నాటి వీరచరిత్రా ఈయనదే అంటారు! నచ్చని సీమే అయితే ఏటిని పేరుపెట్టి ఎందుకు పిలుస్తాడు, నీళ్లు అని ఊరుకోవచ్చుగా.

యతి_పిచ్చోడు: పిలవకపోతే "నాప"కి యతి ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా.

కొండవీటి_కోడలు: మీకు నదులు కూడా యతి కోసమే పారతాయి.

యతి_పిచ్చోడు: 😄 ఆ రసికుడి పద్యం చివర "జొన్నకూడే కుడుచున్", డే దీర్ఘం. చాలామంది కూడె అని కందాన్ని కుంటిదాన్ని చేస్తున్నారు.

శాసనాల_తాత: ఊరితో అనుబంధం అంటే, శ్రీనాథుడు సేద్యం చేసి మోసపోయానని చెప్పుకున్న బొడ్డుపల్లె పద్యం చెప్పండి. పంట కృష్ణానది పాలు, మిగిలిన తిలలూ పెసలూ బిలబిలాక్షుల పాలు, నెత్తిన ఏడు వందల టంకాల (అప్పటి నాణేలు) బాకీ. మొన్నొకసారి అటు వెళ్లి ఏటిగట్టున ఆ పద్యం చదువుకున్నా, గొంతు పట్టేసింది. చివరి పాదం రాలేదు.

నోట్‌బుక్_బాటసారి: అయ్యా, నేనింకా ఆ పేజీ తెరుచుకునే కూర్చున్నా. ల్లె-నా ల్ల-నా?

నాపరాయి: 2022లో జిల్లా అయ్యాక బోర్డుల మీద ల్లె లేదు ల్ల లేదు, పల్నాడు అని పొల్లు పెట్టేశారు. మీరూ అదే రాసేయండి, గొడవ వదిలిపోతుంది.

యతి_పిచ్చోడు: "పల్నాటి సీమ" అంటే మొదటి గణమే పోయింది!!

కొత్తపెన్ను: మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి, బిలబిలాక్షులు అంటే పక్షులా, ఎలుకలా? బిలం అంటే కన్నమేగా.

శాసనాల_తాత: పక్షులు.

నాపరాయి: ఎలుకలే. మా చేలో పెసలు తినేది అవేగా.