గ్రీకుల నెరో, మన నీరు: చుట్టాలా, పేరు కలిసినవాళ్లా?

పదశోధి: గ్రీకులు నీళ్లను 'నెరో' అంటారు, మనం 'నీరు' అంటాం. మన మాటే ఓడెక్కి అక్కడికి చేరింది. ఇంకా రుజువెందుకు?

వెన్నెల: ఫిన్నిష్‌లో 'కల' అంటే చేప. మన కలలు కూడా వలలో పడ్డాయంటారా?

పదశోధి: అక్కడ అర్థం వేరు. ఇక్కడ అర్థమూ కలిసింది.

తాటాకు: కలిసినా అంతే. ఆస్ట్రేలియాలోని మ్బబరం భాషలో కుక్కను ఇంచుమించు 'డాగ్' అనేవారు. ఇంగ్లీషుతో సంబంధం లేదు. పాత 'గుడగ' అరిగి అలా మిగిలింది. హోమర్ కాలంలో నీటికి గ్రీకు మాట 'హుదోర్'. 'నెయరోస్' అంటే లేత, తాజా. తాజా నీళ్లను 'నెయరోన్ హుదోర్' అనగా అనగా అసలు నామవాచకం రాలిపోయి, విశేషణమే నీరైంది. తమిళ 'తణ్ణీర్' చూడండి: తణ్ అంటే చల్లన. ఇప్పుడు వేడినీళ్లు కూడా 'సుడు తణ్ణీర్' అవుతున్నాయి.

చిన్నబాబు: ఉపన్యాసం హిందీలో నవల ఎలా అయిందండీ?

తాటాకు: అది ఒకే సంస్కృత పదం, రెండు చోట్ల రెండు అర్థాలు తెచ్చుకుంది. ఈ గొడవ వేరు.

పదశోధి: నీరియస్ మాట ఎత్తరేం? గ్రీకుల పాత సముద్రదేవుడు. పేరులోనే నీరు వినిపిస్తోంది కదా!

తాటాకు: వినిపిస్తే చాలదు, దారిలో అడుగుజాడలుండాలి. అల్లానికి ఉన్నాయి: పాళీలో 'సింగివేర', గ్రీకులో 'జింగిబెరిస్'. సరుకుతోపాటు పేరూ వెళ్లింది. నీళ్లనెవరు ఎగుమతి చేశారు?

పదశోధి: మీకు వెటకారంగానే ఉంటుంది. బడిలో మా మాస్టారు 'నీరు' సంస్కృత 'నీరం' నుంచి వచ్చిందన్నారు. మనదే కదండీ అన్నందుకు నన్ను బెంచీ ఎక్కించారు, గంట కొట్టేదాకా. తెలుగుకు ఎప్పుడూ అప్పు తెచ్చుకునే రాతేనా? ఒక్క మాటైనా ఎవరికీ ఇవ్వలేదా?

తాటాకు: ఇదా సంగతి! మొదటే అంటే నెరో జోలికే వెళ్లేవాళ్లం కాదు. నీర్ ద్రావిడ పదమే. తమిళంలో, కన్నడంలో ఉంది. సంస్కృతమే దాన్ని అరువు తెచ్చుకుందని చాలామంది భాషావేత్తల మాట. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసు కలెక్టర్ ఎల్లిస్ 1816లోనే, క్యాంబెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటకు జోడించిన వివరణలో ధాతువులు పక్కపక్కన పెట్టి చూపాడు. బాకీదారు పక్కింట్లో ఉంటే వసూలుకు గ్రీసు దాకా ఎందుకు?

పదశోధి: ఈ 1816 సంగతి బెంచీ మీద నిలబడ్డ రోజున తెలిసి ఉండాల్సింది. నీరియస్‌ను మాత్రం వదలను.