ఐప్యాడ్ మినీ (ఏ1432) ఆపిల్ గుర్తు దగ్గరే ఆగిపోతోంది, రీస్టోర్ చేస్తే 3194 ఎర్రర్

కొబ్బరితోట:
మొదటి తరం ఐప్యాడ్ మినీ, వైఫై మోడల్. ఐఓఎస్ 9.3.5 ఉండేది. ఆన్ చేస్తే ఆపిల్ గుర్తు వచ్చి ఆరిపోతుంది, మళ్లీ అదే. స్టోరేజీ దాదాపు నిండిపోయి ఉంది. విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్‌కి కలిపితే, సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పూర్తయ్యేలోపే రికవరీ మోడ్ (ఐఓఎస్ మళ్లీ ఎక్కించుకునే స్థితి) నుంచి బయటికొచ్చేస్తోంది. ఐపీఎస్‌డబ్ల్యూ ఫైల్ (ఐఓఎస్ మొత్తం ఉండే ఫైల్) విడిగా దించుకుని పెడితే 3194 ఎర్రర్. లోపల ఫొటోలున్నాయి, బ్యాకప్ లేదు. ఏ వరుసలో వెళ్లాలి?

లైట్నింగ్_పిన్ను:
ముందు ఒక మాట. ఫొటోలు కావాలంటే రీస్టోర్ బటన్ జోలికి వెళ్లకండి. రికవరీ మోడ్‌లో ఐట్యూన్స్ రెండు బటన్లు చూపిస్తుంది. అప్‌డేట్ అయితే డేటా ఉంచి ఐఓఎస్ మాత్రమే మళ్లీ ఎక్కిస్తుంది. రీస్టోర్ మొత్తం తుడిచేస్తుంది. ఐప్యాడ్ ఫ్లాష్ మెమరీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీస్టోర్‌లో పాత తాళంచెవి చెరిగిపోతుంది. ఆ తర్వాత ఫొటోలు తీసిస్తామని ఎవరన్నా డబ్బులివ్వకండి.

డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే ఐప్యాడ్ తనంతట తానే రికవరీ నుంచి బయటికొస్తుంది. అది లోపం కాదు. ఫైల్ ముందే దించుకోవడం సరైన పనే. మీ మోడల్‌కి 9.3.5 ఫైలే కావాలి. 9.3.6 సిమ్ ఉన్న మోడళ్లకి వచ్చింది, దీనికి పనికిరాదు. బ్రౌజర్ దాన్ని జిప్‌గా సేవ్ చేసి ఉంటే విప్పకుండా, చివరి అక్షరాలు మాత్రం ఐపీఎస్‌డబ్ల్యూగా మార్చండి.

ఐప్యాడ్‌ని ముందు గోడ చార్జర్‌కి పెట్టి బాగా చార్జ్ చేయండి. తర్వాత కేబుల్ కలిపి, హోమ్, పవర్ బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టండి. ఆపిల్ గుర్తు వచ్చినా వదలొద్దు. కేబుల్, ఐట్యూన్స్ బొమ్మ కనిపించాకే వదలాలి. కంప్యూటర్లో షిఫ్ట్ పట్టుకుని అప్‌డేట్ నొక్కితే ఫైల్ ఎంచుకోమంటుంది. మ్యాక్ అయితే షిఫ్ట్ బదులు ఆప్షన్.

హోస్ట్స్‌ఫైల్:
3194 సంగతి. ఫైల్ మీ దగ్గరున్నా, ఎక్కించే ముందు ఐట్యూన్స్ ఆపిల్ సర్వర్ నుంచి ఆ ఒక్క పరికరానికి సంతకం, అంటే ఎక్కించడానికి అనుమతి, తెచ్చుకోవాలి. అది దొరక్కపోతే 3194. అందుకే నెట్ లేకుండా ఈ పని జరగదు.

నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ దాకా వెళ్లి హోస్ట్స్ ఫైల్ (ఏ సైట్ పేరు ఏ అడ్రసుకి వెళ్లాలో రాసి ఉండేది) తెరవండి. జీఎస్.ఆపిల్.కామ్ (సంతకమిచ్చే ఆపిల్ సర్వర్) అని ఉన్న వరుస కనిపిస్తే తీసేసి సేవ్ చేయండి. జైల్‌బ్రేక్ (ఆపిల్ పెట్టిన కట్టుబాట్లు తీసేసే) పనిముట్లు వాడిన పాత కంప్యూటర్లలో ఇది తరచూ ఉంటుంది. లేకపోతే వీపీఎన్, యాంటీవైరస్ ఆపి, ఆఫీసు నెట్ కాకుండా ఫోన్ హాట్‌స్పాట్‌తో చూడండి. ఐట్యూన్స్ కూడా కొత్తదే ఉండాలి.

కొబ్బరితోట:
హోస్ట్స్‌లో ఆ వరుస ఉంది, తీసేశాను. ఇప్పుడు సంతకం దాటింది. కానీ బార్ సగంలో ఆగి ఎర్రర్ 9 వచ్చింది. మళ్లీ రికవరీ బొమ్మే.

లైట్నింగ్_పిన్ను:
9, 4013, 4014 వస్తే మొదట కేబుల్‌నే అనుమానించాలి. పని మధ్యలో యూఎస్‌బీ సంబంధం తెగిందని అర్థం. నకిలీ కేబుల్ చార్జింగ్‌కి సరిపోయినా ఇక్కడ దెబ్బతీస్తుంది. అసలు కేబుల్ తీసుకుని, హబ్ లేకుండా నేరుగా పెట్టండి, వీలైతే యూఎస్‌బీ 2 పోర్టులో. ఐప్యాడ్ చార్జింగ్ రంధ్రంలో పీచు పేరుకుని ఉంటే, పవర్ తీసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నుల మీద గీరొద్దు. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చండి. సీ డ్రైవ్‌లో కొన్ని జీబీలు ఖాళీ ఉండాలి, ఐట్యూన్స్ ఆ ఫైల్‌ని అక్కడే విప్పుతుంది.

తర్వాత మళ్లీ అప్‌డేటే ప్రయత్నించండి. స్టోరేజీ పూర్తిగా నిండి ఉంటే అది విఫలం కావచ్చు. అప్పుడిక రీస్టోర్ ఒక్కటే మిగులుతుంది. అదీ ఆగితే డీఎఫ్‌యూ, అంటే రికవరీ కన్నా లోతైన మోడ్: రెండు బటన్లూ పట్టి, తెర నల్లబడ్డాక పవర్ వదిలేసి, ఐట్యూన్స్ పరికరం దొరికిందని చెప్పేదాకా హోమ్ మాత్రమే పట్టుకోండి. తెర మీద ఏ బొమ్మా ఉండకూడదు, ఉంటే అది డీఎఫ్‌యూ కాదు. ఇందులో అప్‌డేట్ అవకాశం ఉండదు. వేరే కంప్యూటర్, వేరే కేబుల్‌తో కూడా అదే ఎర్రర్ వస్తే లోపల చిప్పో కనెక్టరో చెడి ఉండొచ్చు, బోర్డు చూసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

పాతపలక:
రీస్టోర్ దాకా వస్తే ముందు ఆపిల్ ఐడీ, పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకోండి. ఫైండ్ మై (పోయిన పరికరాన్ని వెతికే సౌకర్యం) ఆన్‌లో ఉండి ఉంటే యాక్టివేషన్ లాక్ వాటిని అడుగుతుంది, ఐఓఎస్ మళ్లీ ఎక్కించినా అది పోదు. వైఫైలో యాక్టివేట్ కాకపోతే కేబుల్‌తో ఐట్యూన్స్ ద్వారా చేయండి.

ఇంకోటి. ఐఓఎస్ 9లో కొత్త రూట్ సర్టిఫికెట్లు (సైట్ అసలుదేనని నమ్మడానికి వాడేవి) లేవు, అందుకని 2021 సెప్టెంబరు 30 తర్వాత లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వాడే చాలా సైట్లు సఫారీలో భద్రత హెచ్చరిక ఇస్తాయి. అది చూసి రీస్టోర్ సరిగా కాలేదని మళ్లీ మొదలెట్టకండి. యాప్‌లు కూడా యాప్ స్టోర్‌లో పర్చేజ్డ్ జాబితా నుంచి దించితే, పాత వెర్షన్ ఇవ్వమంటారా అని అడుగుతుంది. నేరుగా వెతికితే ఎక్కువ భాగం ఎక్కవు.