పుర్రె చూసి ముఖం చేస్తారు కదా, అందులో ఊహ ఎంత?

ప్రశ్న:
ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికింది. మరుసటి ఏడాది పుర్రె ఆధారంగా ఆయన ముఖం తయారుచేశారు. నల్ల జుట్టు, ముదురు కళ్లు. తర్వాత డీఎన్‌ఏ చూస్తే కళ్లు నీలం అయ్యే అవకాశం 96 శాతం, జుట్టు బంగారు రంగు అయ్యే అవకాశం 77 శాతం అని తేలింది. దాంతో బొమ్మ రంగులు మార్చారు. అప్పటినుంచి ఇలాంటి ముఖాలు ఏవి చూసినా నమ్మకం కలగడం లేదు. ఎముక మీద ముక్కు, చెవి, పెదవి ఏవీ ఉండవు కదండీ?

జవాబు 1:
నేను అనాటమీ చెప్తాను, పుర్రెలతోనే నా పని. మీ అనుమానం సగం నిజమండి.

ముందు సీటీ స్కాన్ తీసి పుర్రెకు నకలు చేస్తారు. ముఖంలో ఎక్కడ ఎంత మందం ఉంటుందో బతికున్నవాళ్లని కొలిచిన లెక్కలున్నాయి: నుదుటి దగ్గర కొన్ని మిల్లీమీటర్లే, బుగ్గ దగ్గర దానికి ఎన్నో రెట్లు. ఆ లెక్కన గుర్తులు పెట్టి, కండరాలు ఒక్కొక్కటే అమరుస్తారు. నమిలే కండరం బలంగా ఉన్న మనిషికి దవడ మూల గరుకుగా ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఎముకలో ముక్కు సందు వెడల్పు, అసలు ముక్కు వెడల్పులో సుమారు అయిదింట మూడు వంతులు. పెదవులకు పళ్ల వరస కొంత సాయం చేస్తుంది. చెవులు మాత్రం దాదాపు ఊహే. మనిషి బక్కా, లావా అనేది కూడా అంతే. కళ్ల మధ్య దూరం, దవడ, నుదురు, ముఖం పొడవు వెడల్పులు మాత్రం నేను ధైర్యంగా నమ్ముతాను.

2005లో ప్రాచీన ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ ముఖాన్ని మూడు బృందాలు విడివిడిగా చేశాయి. అమెరికా బృందానికి ఆ పుర్రె ఎవరిదో కూడా చెప్పలేదు. అయినా ముఖాల ఆకారం బాగా దగ్గరగా వచ్చింది. తేడాలు ఎక్కువగా ముక్కు కొసలో, చెవుల్లో వచ్చాయి. ఎముక చెప్పని చోటే కదా!

జవాబు 2:
రంగు విషయానికొస్తే, ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ఊట్జీనే చూడండి. 5,300 ఏళ్ల నాటి మనిషి. మ్యూజియంలో పెట్టిన 2011 నాటి బొమ్మకు పొడవాటి జుట్టుంది. 2023లో జన్యువులు మళ్లీ చదివితే ఒంటి రంగు అనుకున్నదానికన్నా నలుపని, బట్టతల వచ్చే లక్షణం ఉందని తెలిసింది. దేహం మొత్తం ఉన్న మనిషికే ఇలా అయింది.

ప్రశ్న అడిగినవారు:
మరి హరియాణాలో సింధు నాగరికత నాటి ఊరు రాఖీగఢీ ముఖాలు? అవి చూసి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

జవాబు 1:
నాకూ అంతేనండి. 2019లో వచ్చిన ఆ రెండు ముఖాలూ అక్కడి శ్మశానంలో దొరికిన ఎముకల సీటీ స్కాన్ల నుంచి చేసినవే. సుమారు 4,500 ఏళ్ల తర్వాత ఒక మనిషి మనవైపు చూస్తున్నట్టుంటే మనసు కదలకుండా ఉంటుందా? ఆ ముఖాల్లోనూ కొలతలు ఎముకవి, చర్మం రంగు, జుట్టు చేసినవాళ్ల ఎంపిక. అందుకే నా కోరిక ఒకటే. ప్రతి ముఖం పక్కనా రంగు, జుట్టు లేకుండా బూడిద రంగులో ఇంకో బొమ్మ పెట్టాలి. కొందరు ఇప్పటికే అలా చేస్తున్నారు. మీరు ఏ బొమ్మ చూసినా ముందు జుట్టును చేత్తో మూసి, దవడ దగ్గర్నుంచి చూడటం మొదలుపెట్టండి.