భజన పాటల టెక్స్ట్ ఫైళ్లు ఫోన్‌లో పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి, ఏం చేయాలి?

తెనాలి_తాళాలు:
అందరికీ నమస్కారం. మా వీధి రామాలయంలో శనివారం భజనకి హార్మోనియం నాదే. కీర్తనలు, తత్వాలు, మంగళహారతులు ఏళ్ల తరబడి కంప్యూటర్లో నోట్‌ప్యాడ్‌లో కొట్టి దాచుకున్నాను. పుస్తకాలు మోయడం ఎందుకని అన్నీ ఫోన్లోకి ఎక్కించాను. కొన్ని శుభ్రంగా తెరుచుకుంటున్నాయి, చాలావాటిలో తెలుగు ముక్క లేదు. యాప్‌ల మీద యాప్‌లు మార్చాను. ఫోనే మార్చమంటాడు మా అబ్బాయి, వాడికేం! వాట్సాప్‌లో తెలుగు బాగానే కనిపిస్తోంది మరి. ఇంకో తలనొప్పి: బాగా తెరుచుకున్న పాటల్లో కూడా చరణం మధ్యలో లైను విరిగి, ఒక్క మాట కింద వేలాడుతోంది.

డీటీపీ_పాతకాపు:
అన్నా, ముందు యాప్‌లు మార్చడం ఆపండి. ఆ చెత్త ఎలా ఉందో చూడండి, జబ్బేమిటో అక్కడే తెలుస్తుంది. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఎ’ (à), దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో మాటిమాటికీ వస్తున్నాయా? అయితే ఫైలు నిక్షేపంగా ఉంది. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా, అంటే అంకెలుగా, ఫైల్లో దాచే ఒక పద్ధతి (ఎన్‌కోడింగ్). అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతం గుర్తుకి మళ్లీ మూడు. మీ యాప్ ఆ బైట్లను ఒక్కొక్కటిగా ఇంగ్లీషు అక్షరాలనుకుని చూపిస్తోంది.

అలా కాక మామూలు ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు కలగాపులగంగా ఉంటే అవి అను ఫాంట్లలో, అంటే ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు చూపించే పాత ఫాంట్లలో, కొట్టినవి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ రోజుల్లో మా పొట్ట నింపింది అదే. అక్కడ తెలుగు ఉండేది ఫాంటులో, ఫైల్లో కాదు. టెక్స్ట్ ఫైలు ఫాంటును వెంట తెచ్చుకోదు కాబట్టి ఫోన్లో అసలు రంగు బయటపడుతుంది. అను నుంచి యూనికోడ్‌కి (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే తెలుగుకి) మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి, అక్కడే తేడా కొడతాయి.

వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఆశ వదులుకోండి. తెలుగు అక్షరాలకు చోటులేని ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే అక్షరాలు పోయి ప్రశ్నార్థకాలే మిగులుతాయి. అప్పట్లో నోట్‌ప్యాడ్ హెచ్చరించేది, మనం ఓకే కొట్టేసేవాళ్లం.

తెనాలి_తాళాలు:
ఎక్కువ డిగ్రీ గుర్తులవే. రెండు మూడు అనువి, ప్రెస్ నడిపే మిత్రుడు ఇచ్చినవి. ఒక్క మంగళహారతి మాత్రం పూర్తిగా ప్రశ్నార్థకాలే. మా పిన్నికి నోటికి వచ్చు, మళ్లీ రాయించుకుంటాను. కానీ తమాషా చూడండి, పాతవి బాగున్నాయి, ఈమధ్య కొట్టినవే పాడయ్యాయి. ఇదేం విడ్డూరం?

డీటీపీ_పాతకాపు:
విడ్డూరమేం లేదు. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8లో సేవ్ చేసేటప్పుడు ఫైలు మొదట్లో బీఓఎం అని మూడు బైట్ల గుర్తు పెట్టేది. అది చూసి యాప్ ఇది ఏ ఎన్‌కోడింగో పట్టేస్తుంది. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఆ గుర్తు లేకుండా సేవ్ చేయడమే డిఫాల్ట్ అయింది. తెలివైన యాప్ గుర్తు లేకపోయినా ఊహిస్తుంది, మీ యాప్‌కి అంత ఓపిక లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’ కొట్టి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర బీఓఎం ఉన్న యూటీఎఫ్-8 ఎంచుకోండి. ముందు ఒక ఫైలుతో చూడండి. ఎక్కువ ఫైళ్లుంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే వేరే ఎడిటర్ హాయి.

ఓరుగల్లు_రీడర్:
లైను సంగతి నేను చెప్తా. మీరు ఎంటర్ కొట్టింది చరణం చివరే అయితే ఫైల్లో తప్పు లేదు, ఫోన్ వెడల్పు చాలక లైను కిందికి దిగుతోంది. ఫోన్ అడ్డంగా పెట్టి, అక్షరం సైజు ఒక మెట్టు తగ్గించండి. కంప్యూటర్లో వెడల్పు కోసం మధ్యమధ్యలో ఎంటర్ కొట్టి ఉంటే అవి చేత్తో తీయాల్సిందే, పాటలకు వేరే దారి లేదు. వచనమైతే లైన్లన్నీ కలిపేయొచ్చు, పాటలో ఏ లైను ఎక్కడ ఆగాలో మీకే తెలుసు.

ఇంకోటి, భజనలో ఎడిటర్ యాప్ వాడకండి. హార్మోనియం మీద నుంచి తీసిన వేలు తగిలి ఒక మాట చెరిగినా తెలియదు. చదవడానికి మాత్రమే పనికొచ్చే యాప్ పెట్టుకోండి. రీడ్‌ఎరా టెక్స్ట్ ఫైళ్లు తెరుస్తుంది, ఎక్కడ ఆపారో గుర్తుంచుకుంటుంది కూడా. డిస్‌ప్లే సెట్టింగుల్లో స్క్రీన్ ఆరే టైము పెంచండి, లేకపోతే రెండో చరణానికి తెర నల్లబడుతుంది. భజన మొదలయ్యే ముందు ఏరోప్లేన్ మోడ్ వేయండి, ఎవరో ఒకరు సరిగ్గా హారతి టైముకే ఫోన్ చేస్తారు.