పులి వేషం వేస్తే తోక మాయమైపోతోంది, ఎవరైనా చూడండి

పర్లాకిమిడి కుర్రోడు: రాత్రంతా దీంతోనే కూర్చున్నా, తేలట్లేదు. పాత టీవీ గేమ్ స్టైల్లో హోమ్‌బ్రూ (పాత మెషీన్ కోసం సొంతంగా రాసుకునే) ప్లాట్‌ఫామ్ గేమ్ ఒకటి చేస్తన్నా, హీరో వేషం మారిస్తే శక్తి మారుద్ది, చేప వేషానికి ఈత, పులి వేషానికి నాలుక్కాళ్ళ మీద గోడలెక్కడం. చేప బాగానే ఉంది, పులి మాత్రం ముగ్గురు శత్రువులు పక్కకి రాగానే వెనక కాలూ తోకవైపు సగం ఎగిరిపోతన్నాయి, దూకితే మళ్ళీ వచ్చేస్తన్నాయి. కోడ్‌లో తప్పేం లేదు. ఏటి చెయ్యాలి?

రాయగడ: ఏ మెషీన్? ఎక్కడ నడిపావు?

బరంపురం పెద్దాయన: బాబూ, పులికి కుట్టించిన సూట్ వేశావా ఏంటి? మా ఠాకురాణీ జాతరలో బాఘ నాచ (పులి నాట్యం) అంటే ఒంటికే పసుపు, నలుపు చారల రంగు పూస్తారు, వెనక తోక కడతారు. రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది, వచ్చి చూసి గియ్యి. పిల్లలు నీ గేమ్‌లో చూసిందే నిజమనుకుంటారు.

గుణుపురం: కంప్యూటర్‌లో ఆడేదైతే హోమ్‌బ్రూ అనకండి, అది రెట్రో స్టైల్ అంతే. అసలు మెషీన్ మీద నడిస్తేనే హోమ్‌బ్రూ.

జయపురం: ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో ఆ మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్) నడిచినా ఆ మెషీన్ కోసం రాసిందే కదా, ఎందుకవదు?

గుణుపురం: క్యాసెట్‌లో పెట్టి చూడకుండా అలా ఎలా అంటాం అన్నా.

పర్లాకిమిడి కుర్రోడు: నెస్ (నింటెండో పాత టీవీ గేమ్ మెషీన్) కోసమే, సీసీ65లో (దానికి సీ కోడ్ కంపైల్ చేసే టూల్) రాశా. ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తంది, మావయ్య పాత సెట్‌కి ఎక్కిస్తేనే మాయం, సెట్ పాడైందా?

రాయగడ: ఇది ముందే చెప్పాల్సింది. సెట్ బాగానే ఉంది. నెస్ మొత్తం 64 స్ప్రైట్లు (8 పిక్సెళ్ళ వెడల్పుండే బొమ్మ ముక్కలు) పెట్టుకోనిస్తుంది గానీ అడ్డంగా ఒక్క గీతలో 8 మించి చూపించదు, ఓఏఎమ్‌లో (స్ప్రైట్ల జాబితా ఉండే మెమరీ) ముందున్న 8 గీసి మిగతావి వదిలేస్తుంది. శత్రువు ఒక్కోడూ 16 పిక్సెళ్ళ వెడల్పంటే 2, ముగ్గురికి 6. చేప 2, సరిపోయింది. పులి 4, మొత్తం 10. పైగా హీరోని శత్రువుల తర్వాత రాస్తున్నట్టున్నావు, అందుకే వాడి ముక్కలే పోతున్నాయి. ఎమ్యులేటర్‌లో ఆ 8 పరిమితి తీసేసే ఆప్షన్ ఆన్‌లో ఉండుంటుంది, ఆపి చూడు. ఇంకోటి, పొట్ట కింద ఖాళీ టైల్స్ (బొమ్మ లేని స్ప్రైట్లు) పెట్టావా? ఏం కనపడకపోయినా అవీ లెక్కలోకొస్తాయి, తీసెయ్. అప్పటికీ చాలకపోతే ఓఏఎమ్ వరుస ఫ్రేమ్ ఫ్రేమ్‌కి తిప్పు, మినుకుమినుకుమన్నా అందరూ కనపడతారు.

బరంపురం పెద్దాయన: చారలకి ఎన్ని రంగులొస్తాయి బాబూ?

రాయగడ: ఒక పాలెట్‌కి (ఒక స్ప్రైట్ వాడే రంగుల సెట్) 3, పారదర్శకం కాకుండా.

బరంపురం పెద్దాయన: పసుపు, నలుపు, కళ్ళకి తెలుపు. చాలు కదా, ఇంక సూట్ ఎందుకు?

పర్లాకిమిడి కుర్రోడు: ఖాళీ టైల్స్ రెండున్నాయి, తీసేశా, కాలు వచ్చేసింది. తోక ఇంకా పోతంది, వరుస తిప్పడం రేపు చూస్తా. థాంక్స్ అన్నా.