రాత్రిపూట వీధిలో పార్టీలు: కాలేజీ ఆపాలా, పోలీసులకే వదిలేయాలా? (విజయనగరం)

కాలనీ గృహిణి:
ఊరి చివర మా కాలనీ పక్కనే ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. హాస్టల్ చాలక చాలామంది పిల్లలు మా వీధుల్లోనే గదులు తీసుకున్నారు. మొన్న ఆ కాలేజీ నోటీసు పెట్టింది. రాత్రి పది దాటాక వీధిలో పుట్టినరోజులు, పార్టీలు చేయకూడదు. ఫిర్యాదు వస్తే తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు, రెండోసారికి సస్పెన్షన్. స్టాఫ్ ఎప్పుడైనా గదులకొచ్చి తనిఖీ చేస్తారు. గేటు బయట కాలేజీకి ఏం పని అని కొందరు వాదిస్తున్నారు.

నా దృష్టిలో కాలేజీ పట్టించుకోవాల్సిందే. అంతమందిని చేర్చుకుని ఉండటానికి చోటు చూపించనిది వాళ్లే కదా. అర్ధరాత్రి పన్నెండుకి బండి సీటు మీద కేకు, టపాసులు, స్పీకర్ బాక్సు, సైలెన్సర్ మార్చిన బుల్లెట్ల రొద. మా మావయ్యగారు గుండె జబ్బు మనిషి. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచారంటే తెల్లారేదాకా నిద్ర ఉండదు. పక్కింట్లో పదో తరగతి పిల్ల చదువుకుంటోంది. పొద్దున్నే కాలువలో సీసాలు. అడిగితే "సారీ ఆంటీ" అని మర్యాదగానే అంటారు. వారం తిరక్కుండా ఇంకొకడి పుట్టినరోజు వస్తుంది.

థర్డ్ ఇయర్, సాలూరు:
ఆంటీ, టపాసులు తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఎవరో నలుగురు చేసిన దానికి అందరికీ శిక్షా? ఆ నోటీసు చూసి మా ఓనరు గారు సెమిస్టర్ అవ్వగానే గది ఖాళీ చేయమన్నారు. మేం ఏ రోజూ గొడవ చేయలేదు. అసలే బ్యాచిలర్లంటే అద్దె ఎక్కువ చెప్తారు. ఇక స్టాఫ్ గదికొచ్చి చూడటమేంటి? ఆ గదికి అద్దె కట్టేది మా నాన్న. పెళ్లి ఊరేగింపుల్లో అర్ధరాత్రి దాకా డీజే మోగుతుంది, అక్కడికి ఎవరూ నోటీసు పట్టుకుని వెళ్లరు.

కంటోన్మెంట్ వాసి:
112కి ఫోన్ చేయండి. పోలీసులు చూసుకుంటారు. కాలేజీ పని చదువు చెప్పడం.

కోర్టు పని తెలిసినవాణ్ణి:
డీజే సంగతి బాబు సరిగ్గానే అడిగాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పండగలకి మాత్రం ప్రభుత్వం 12 గంటల వరకు సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాది మొత్తానికి 15 రోజులకి మించకుండా. పెళ్లి డీజేకి వేరే చట్టం లేదు. అక్కడ ఎవరూ ఆపడం లేదు కాబట్టి ఇక్కడా ఆపొద్దంటే మాత్రం కుదరదు.

లెక్చరర్ (వేరే కాలేజీ):
పోలీసులకి వదిలేయమన్న వారికి ఒక మాట. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండకుండా మందు కొనకూడదు. ఈ పిల్లల్లో చాలామందికి ఆ వయసు రాలేదు. తాగి రోడ్డు మీద గొడవ చేసి దొరికితే కేసు అవుతుంది. ఆ తర్వాత ఉద్యోగానికీ పాస్‌పోర్టుకీ పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు వాడి పరిస్థితేంటి? మా దగ్గర పార్వతీపురం, పాలకొండ వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ఇంట్లో మొదట డిగ్రీ చదువుతున్నది వాళ్లే. ఒక రాత్రి కేరింతలకి అంత మూల్యం కట్టించే కంటే మాస్టారు పిలిచి మందలించడం నయం. అలాగని గదుల తనిఖీని నేను సమర్థించను. ఆ అధికారం మాకు లేదు, ఉండకూడదు కూడా. ఆడపిల్లల గదులకి "ఎప్పుడైనా" వెళ్తామని రాసిన వాళ్లు అసలు ఆలోచించారా?

ఇంటి ఓనరు:
మేం కూడా అద్దె తీసుకుని ఊరుకుంటున్నాం, నిజమే. కింద పోర్షన్‌లో మేమే ఉంటే గొడవ రాదు. ఊళ్లో లేని ఓనర్ల ఇళ్లల్లోనే ఇదంతా జరుగుతుంది.

కాలనీ గృహిణి:
మాస్టారూ, తనిఖీ మాట తీసేయాలన్నది నాకూ సబబే. మాకు కావాల్సింది వీధిలో నిశ్శబ్దం. గదిలో వాళ్లు ఏం వండుకున్నా, ఎంతసేపు మేలుకున్నా మాకు అక్కర్లేదు.

నోటీసులో అసలు లోటు వేరే ఉంది. ఫిర్యాదు చేయమన్నారు గానీ ఎవరికో రాయలేదు. రాత్రి పన్నెండుకి కాలేజీ ఆఫీసు నంబర్‌కి చేస్తే ఎవరు ఎత్తుతారు? మర్నాడు పదింటికి చెప్పుకుంటే ఎవరు చేశారో తేలదు, అప్పుడే ఈ సాలూరు బాబులాంటి వాడి మీదికి వస్తుంది. రాత్రి డ్యూటీలో ఒక మాస్టారు ఉండాలి. ఫోన్ చేస్తే పావుగంటలో వీధికి రావాలి, గొడవ చేసినవాళ్లతోనే మాట్లాడాలి. పుట్టినరోజు చేసుకోవాలంటే కాలేజీ క్యాంటీన్ తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచవచ్చు. ఇవన్నీ రాసిన అర్జీతో సోమవారం ప్రిన్సిపాల్ గారిని కలుస్తున్నాం.

థర్డ్ ఇయర్, సాలూరు:
నైట్ డ్యూటీ మాస్టారంటే మాకూ ఇబ్బంది లేదు ఆంటీ. కానీ అల్లరి చేయనివాళ్లని ఖాళీ చేయించొద్దని ఓనర్లకి కాలేజీ లెటర్ ఇవ్వాలి. అది కూడా అర్జీలో రాయండి. మా గది వాళ్లం నలుగురం సంతకం పెడతాం.

కంటోన్మెంట్ వాసి:
ఆ మాస్టారికి కుర్రాళ్లు ఎదురు తిరిగితే? నేనైతే 112 అనే అంటాను.

కాలనీ గృహిణి:
అప్పుడు 112కే చేస్తాం. ముందు మాస్టారు రావాలి. బాబూ, మీ లెటర్ సంగతి అర్జీలో చేర్చాను. సోమవారం పదిన్నరకి గేటు దగ్గరికి రండి.