సమస్య: "వాయువునకు లోహవర్గమేల"

మల్లేశ్వరం మాస్టారు (నిర్వహణ): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ఆవర్తన పట్టికలో లిథియం, సోడియం, పొటాషియంల నెత్తిన హైడ్రోజన్‌ను కూర్చోబెట్టారు కదా, అదే విషయం. బెంగళూరు సభ్యులకే ముందు అవకాశం, మిగతా ఊళ్లవారు రెండు రోజులు ఓపిక పట్టండి.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు:

ఒంటి కణము వెలుపలున్నంత మాత్రాన
సోడియమ్ము వీధి చోటు తగునె
మెరుపు లేదు తీగ మెలితిప్పగా రాదు
వాయువునకు లోహవర్గమేల

మాస్టారూ, రెండో పాదంలో 'సో'కి 'చో' యతి చెల్లుతుందా? అదొక్కటే టెన్షన్.

మల్లేశ్వరం మాస్టారు: చెల్లుతుంది, సరసయతి (శ, ష, సలకు చ, జలతో చెల్లే యతి). ఒంటి కణమంటే ఎలక్ట్రాన్, దానికి "వెలుపల" అనడం మంచి జాగ్రత్త. కేంద్రకంలోనూ ప్రోటాన్ ఒంటిదే కనుక, ఆ మాట లేకుంటే అర్థం తప్పేది. మూడో పాదం మాత్రం బలహీనం. తీగ మెలితిప్పడం పాదరసంతోనూ కుదరదు, అంతమాత్రాన అది లోహం కాకుండా పోయిందా? అసలు తేడా ఎలక్ట్రాన్‌ను వదలడంలో ఉంది. సోడియం నుంచి దాన్ని ఊడదీయడానికి 5.1 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తికి కొలత) చాలు, హైడ్రోజన్‌కు 13.6 కావాలి. మధ్యలో అడ్డుతెరగా లోపలి ఎలక్ట్రాన్లు లేవు, కేంద్రకం పట్టు నేరుగా పడుతుంది. ఆ పిసినారితనం మీద రాసి ఉంటే పద్యం ఇంకో మెట్టెక్కేది.

మారతహళ్లి మిత్రుడు: సరదాకి.

ఇచ్చునొక్కచోట నింకొక్కచో గుంజు
పట్టికందు దీని పక్కనెవరు
బెంగుళూరు వచ్చి బెదరిన తెలుగోడె
వాయువునకు లోహవర్గమేల

బసవనగుడి: హహ! పీజీలో ఇడ్లీ కోసం కన్నడంలో, అద్దె కోసం హిందీలో మాట్లాడేవాడే కదా! మొదటి పాదం శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. ఆమ్లంలో ఎలక్ట్రాన్ వదులుకుంటుంది, సోడియం హైడ్రైడ్‌లో సోడియం దగ్గరే గుంజుకుంటుంది. అలాగని క్లోరిన్ వంటి హాలోజన్ల వరసలో వేద్దామంటే అదీ కుదరదు. ఎలక్ట్రాన్ దొరికితే క్లోరిన్ 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదల చేస్తుంది, హైడ్రోజన్ ముక్కాలు ఎలక్ట్రాన్ వోల్టుతో సరిపెడుతుంది.

మల్లేశ్వరం మాస్టారు: "తెలుగోడు" వ్యావహారికం, సరదా పూరణ కనుక వదిలేస్తున్నాను. "పక్కనెవరు" అన్నారు గాని, రుణవిద్యుదాత్మకత (బంధంలో ఎలక్ట్రాన్లను తనవైపు లాగే గుణం) చూస్తే పక్కన ఉండవలసినవాళ్లు బోరాన్ (2.04), కార్బన్ (2.55), హైడ్రోజన్‌ది 2.20. అందుకే కొందరు దాన్ని పట్టిక నడుమ, పైన విడిగా వేస్తారు.

జయనగరం అమ్మగారు: మనుమరాలితో నెహ్రూ తారామండలానికి వెళ్లినప్పుడు తట్టిన ఊహ.

గురుని గర్భమందు గురుతర భారాన
నలిగి నలిగి తీగ నడక నేర్చె
అచ్చటడుగ గలరె యయ్యలు మీరిట్లు
"వాయువునకు లోహవర్గమేల"

మల్లేశ్వరం మాస్టారు: అమ్మా, నమస్కారం. సమస్యను సమస్యగానే ఉంచి, అడిగే చోటు మార్చేశారు! గురుగ్రహం లోతుల్లో ఒత్తిడికి హైడ్రోజన్ ద్రవలోహమవుతుంది, ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకూ కట్టుబడకుండా తిరుగుతాయి, గురుని మహా అయస్కాంత క్షేత్రం అక్కడే పుడుతుంది. "తీగ నడక" అంటే విద్యుత్తు పారడమని అర్థం చేసుకున్నాను, ఒక క్షణం ఆగవలసి వచ్చింది. చిన్న సవరణ: "నేర్చె" ద్రుతాంతం (చివర 'ను' దాగిన మాట), తర్వాత అచ్చు వస్తే విసంధి (సంధి చేయని దోషం). "నేర్చె / నచ్చటడుగ" అనండి. గణానికీ యతికీ ఇబ్బంది లేదు.

బసవనగుడి:

వజ్రముల నడుమను వత్తగా విరిగెను
రాయి గాని రుజువు రాలలేదు
తొందరొద్దు మనకు తొంబదేండ్లాయెను
వాయువునకు లోహవర్గమేల

1935లో విగ్నర్, హంటింగ్టన్ అనే శాస్త్రవేత్తలు ఘన హైడ్రోజన్ 25 గిగాపాస్కల్స్‌కే లోహమవుతుందని లెక్క కట్టారు (గిగాపాస్కల్ అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు పదివేల రెట్లు). 2017లో హార్వర్డ్ వాళ్లు రెండు వజ్రాల నడుమ నొక్కి 495 దగ్గర సాధించామన్నారు. తర్వాత వజ్రం పగిలి నమూనా పోయింది.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు: "రుజువు రాలలేదు" కొంచెం ఎక్కువైంది సార్. 2020లో ఫ్రాన్స్ బృందం 425 గిగాపాస్కల్స్ దగ్గర హైడ్రోజన్ ఉన్నట్టుండి పరారుణ కాంతిని ఆపేయడం చూసింది, అది లోహంగా మారడానికి గుర్తు. ఒత్తిడి తగ్గిస్తే మళ్లీ మామూలైంది. అంతకు ముందే, 1996లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో ఒత్తిడి తరంగాలతో 140 గిగాపాస్కల్స్ దగ్గర ద్రవ హైడ్రోజన్ లోహంలా విద్యుత్తును పారనిచ్చింది.

బసవనగుడి: అయితే "రుజువు" తీసి "తగవు తీరలేదు" అనాలి, కానీ 'రా'కి యతి పోతుంది. పద్యం కోసం కొంత అన్యాయం తప్పదు. ఇంకో మాట, ఈ పిచ్చి పాతదే. 19వ శతాబ్దంలోనే థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త పల్లేడియం అనే లోహం హైడ్రోజన్‌ను పీల్చుకోవడం చూసి, ఇదొక లోహపు ఆవిరి అనుకుని హైడ్రోజీనియం అని పేరు పెట్టాడు. 1898లో డ్యూయర్ దాన్ని ద్రవంగా మారిస్తే, లోహపు ఛాయే లేని తేట ద్రవం వచ్చింది.

మల్లేశ్వరం మాస్టారు: రెండో పాదం బాగుంది కనుక అన్యాయాన్ని క్షమిస్తున్నాను. ఈ వారం మెప్పు జయనగరం అమ్మగారికే. మిగిలిన ముగ్గురూ హైడ్రోజన్‌ను గదిలోనే ఉంచి వాదించారు, ఆమె దాన్ని తగిన చోటికి తీసుకెళ్లారు. వచ్చే వారం సమస్య: "మంచు కాల్చె నొడలు మంట లేక".